పెద్దాయన కుడి పాదం

మార్చి 4

మూడు వేళ్ళూ పూర్తయ్యాయి. బొటనవేలికి గోరు కూడా తీర్చాను. ఎడమ పాదం పక్కన పెట్టి చూస్తే కవల పిల్లల్లా ఉన్నాయి. డైరెక్టరు భూతద్దం పెట్టి మరీ వెతికాడు. ఏది నాలుగు వందల ఏళ్ళ నాటిదో, ఏది నిన్నటిదో చెప్పలేక చేతులెత్తేశాడు. "మీరు రిటైరైపోతే ఈ మ్యూజియం గతేమిటి మేడమ్?" అన్నాడు. ఆరు నెలల్లో తెలుస్తుందిలెండి అన్నాను.

ఈ డైరీ ఎందుకు మొదలుపెట్టానో నాకే సరిగ్గా తెలియదు. ఆఫీసులో బాగుచెయ్యడానికి ఏ వస్తువు ముట్టుకున్నా రిపోర్టు రాయాలి. ఆ రిపోర్టులో కొలతలకి గడి ఉంటుంది, రంగులకి గడి ఉంటుంది, సంతోషానికి ఉండదు. ఇవాళ సంతోషంగా ఉంది. ఏడు నెలల పని మరి, ఉండాలి కదా.

ఈ పెద్దాయన దేవుడో, దేవుడి మనిషో, ఒకప్పటి రాజో చదువుకున్నవాళ్ళు ఇంతవరకు తేల్చలేదు. మనిషిన్నర ఎత్తు చెక్క బొమ్మ. కుడి కాలు ముందుకేసి, ఎక్కడికో బయల్దేరబోతున్నట్టు నిలబడి ఉంటాడు. రోడ్డు వెడల్పు చేయడానికి ప్రార్థన మందిరం కొట్టేసినప్పుడు మా మ్యూజియానికి వచ్చిపడ్డాడు. మందిరం పోయింది కానీ జనం పోలేదు. నాలుగో గదిలో మూల నిలబెడితే అక్కడికే రావడం మొదలుపెట్టారు. పరీక్షల ముందు, ప్రయాణాల ముందు, ఆపరేషన్ల ముందు. కాపలా మనిషి అటు తిరగ్గానే కుడి పాదం మీద చేతి బొటనవేలు పెట్టి, ఏమీ ఎరగనట్టు పక్క గదిలోకి నడిచిపోయేవాళ్ళు. చుట్టూ తాడు కట్టించిందీ, తాకరాదని బోర్డు రాయించిందీ నేనే. తాడు మీంచి వంగి మరీ పెట్టేవాళ్ళు.

అలా తరతరాలుగా పెట్టీ పెట్టీ మూడు వేళ్ళూ అరగదీశారు. ఇప్పుడు నేను మళ్ళీ మొలిపించాను. 28న బాగైన పెద్దాయనకి కొత్తగా ప్రారంభోత్సవం. 27న గాజు పెట్టె వస్తోంది. ఇక వంగినా లాభం లేదు.

నాకు దేవుడి మీద నమ్మకం లేదు, ఎప్పుడూ లేదు. పెద్దాయన నాకు చెక్క. మంచి చెక్క.

మార్చి 5

పని అయిపోయిందని అత్తయ్యతో చెప్పాను. "అయితే నన్నొకసారి తీసుకెళ్ళు" అంది.

"కళ్ళు కనపడవు కదా, ఏం చూస్తారు?"

"చూడ్డానికి కాదులే."

మా ఇంట్లో మిగిలింది మేమిద్దరమే. ఆయన పోయి రెండేళ్ళయింది. ఆయన తల్లీ, ఆయన భార్యా ఒకరి నస ఒకరు భరిస్తూ బతుకుతున్నాం. ఆవిడకి ఎనభై మూడు. కళ్ళు వెలుగునీ చీకటినీ తప్ప పోల్చలేవు కానీ నోరు మాత్రం నిక్షేపంగా ఉంది. పొద్దున్నే లేచి అరగంట ఏదో గొణుక్కుంటుంది. నేను గిన్నెలు కొంచెం గట్టిగా చప్పుడు చేస్తాను. ఆవిడ గొణుగుడు ఇంకొంచెం పెంచుతుంది. ముప్ఫై ఏళ్ళుగా ఇదే వరస.

ఎల్లుండి తీసుకెళ్తానన్నాను. నా పని నా వాళ్ళు చూడాలని నాకు మాత్రం ఉండదా.

మార్చి 7

ఉతికిన బట్టలు కట్టుకుని, తల దువ్వుకుని తొమ్మిదింటికే గుమ్మంలో కూర్చుంది. మ్యూజియం మెట్ల దగ్గర నేను లెక్కపెట్టబోతే "పద్నాలుగు. నాకు తెలుసు, నడు" అంది.

వర్క్‌షాపులో వడ్రంగి మేస్త్రీ ఒక్కడే ఉన్నాడు, పెద్దాయన కింద వేసే పీటకి రంపం పడుతున్నాడు. రూలు ప్రకారం బయటివాళ్ళని తాకనివ్వకూడదు. ఒక్కసారికేంలే అనుకుని స్టూలు వేసి కూర్చోబెట్టాను. చెయ్యి చాచింది. నేనేమీ చూపించకుండానే అది సరాసరి కుడి పాదం మీదికే వెళ్ళింది. మడమ మీంచి ముందుకు జరుగుతూ వచ్చి వేళ్ళ దగ్గర ఆగిపోయింది. వెనక్కి వెళ్ళి మళ్ళీ వచ్చింది. మూడుసార్లు. చీకట్లో స్విచ్చి కోసం గోడ తడుముకున్నట్టు.

"ఎవరి కాలే ఇది?" అంది.

"పెద్దాయనదే."

"కాదు. వేరే ఎవరిదో."

"అరిగిపోయిన చోట బాగుచేశాను అత్తయ్యా. మొదట ఎలా ఉండేదో అచ్చం అలాగే."

"మొదట ఎలా ఉండేదో నువ్వు చూశావా?"

"ఎడమ కాలుని బట్టి కొలతలు తీసుకుని..."

"ఎడమ కాలు ఎవరూ ముట్టుకోలేదు కదే."

ఆవిడ చెయ్యి తీసి ఒళ్ళో పెట్టుకుంది. కోప్పడితే బాగుండేది. కోప్పడలేదు.

"అక్కడ గుంట ఉండేది. నా బొటనవేలు సరిగ్గా పట్టేది. మా అమ్మదీ పట్టేది, వాళ్ళమ్మదీ పట్టేది. వాడిదీ పట్టింది."

"ఎవడిది?"

"నీ మొగుడిది. ఆపరేషన్ రోజు పొద్దున, ఆస్పత్రికి వెళ్ళే దారిలో ఇక్కడ ఆగాం. నువ్వప్పటికే వెళ్ళి అక్కడ కాగితాలు నింపుతున్నావు. నేను వేలు పెట్టాను. తీయకముందే వాడి వేలొచ్చి నా వేలికి తగిలింది. నేను పెట్టమని అడగలేదే. ఒట్టు."

రంపం చప్పుడు ఆగిపోయింది. నేను ఏమన్నానో గుర్తు లేదు. బస్సు టైమయింది పదండి అని ఉంటాను.

మార్చి 8

అబద్ధం.

మార్చి 9

అబద్ధమే. లెక్కల మాస్టారు ఆయన. రుజువు లేనిదే పాలవాడు నిన్న రాలేదంటే కూడా ఒప్పుకునేవాడు కాదు. మేము రిజిస్ట్రారు ఆఫీసులో రెండు సంతకాలతో పెళ్ళి చేసుకున్నాం. బయటికొచ్చాక "ఇంతేనా?" అని నేనంటే "ఇంకేం కావాలి, చప్పట్లు కొట్టమంటావా?" అని నడిరోడ్డు మీద తనే చప్పట్లు కొట్టాడు. అలాంటి మనిషి ఒక చెక్క బొమ్మ కాలు ముట్టుకున్నాడంటే నేను నమ్మాలా? అది కూడా నేను కట్టించిన తాడు మీంచి వంగి?

ముసలావిడ కొడుకుని తన జట్టులో కలుపుకుంటోంది. పోయినవాడు వచ్చి కాదనడు కదా.

మార్చి 10

ఆ రోజు వాళ్ళు ఆస్పత్రికి అరగంట ఆలస్యంగా వచ్చారు. ట్రాఫిక్ అన్నాడు.

మార్చి 12

ఇవాళ ఏ పనీ సాగలేదు. రంగు పూత ఎండిందో లేదో చూసే వంకతో పాదం దగ్గరే తిరిగాను. మేస్త్రీ చూస్తూనే ఉన్నాడు. పాతికేళ్ళ నుంచి ఒకే గదిలో పనిచేస్తున్నాం, ఆయన రోజుకి పది మాటలు మాట్లాడితే ఎక్కువ. మధ్యాహ్నం తన ఉలి తెచ్చి నా బల్ల మీద పెట్టాడు.

"ఈ పిడి చూడండి" అన్నాడు.

పిడి మీద ఒక పక్క నున్నటి పల్లం ఉంది. మా నాన్న బొటనవేలు అది, అన్నాడు. "ఆయన వేలు నాకంటే పెద్దది. మొదట్లో నా చేతికి కుదిరేది కాదు. ఇప్పుడు కుదిరింది. నా వేలు పెరగలేదు, పిడి పెరగలేదు. మరెట్లా కుదిరిందో మీరే చెప్పాలి."

"నన్నడిగితే?"

"దీన్ని ముద్ద పెట్టి పూడుస్తానంటే ఇస్తానా మీకు?"

ఉలి తీసుకుని వెళ్ళిపోయాడు. నాకు ఒళ్ళు మండింది. నా పని నాకు నేర్పుతాడా? ముప్ఫై ఏళ్ళ సర్వీసు నాది. వాడకం వల్ల అరిగినదాన్ని ముట్టుకోకూడదని కొత్తగా చేరినవాళ్ళకి క్లాసులు చెప్పేదాన్ని నేను. పాత గడపని తీసి కొత్త గడప వేయిస్తానన్న వెనకటి డైరెక్టరుతో ఆరు నెలలు పోట్లాడి, అరిగిన గడపని అరిగినట్టే నిలబెట్టింది కూడా నేనే.

అందుకే ఒళ్ళు మండింది.

మార్చి 13

రాసేస్తాను. ఇక్కడ కాకపోతే ఇంకెక్కడ రాస్తాను.

పోయిన ఆగస్టులో పెద్దాయన వర్క్‌షాపుకి వచ్చినప్పుడు మొదటి రిపోర్టు నేనే నింపాను. గుంట లోతు పదకొండు మిల్లీమీటర్లు. దాని కింద రెండు గళ్ళుంటాయి. 'వాడకం వల్ల అరుగుదల, అలాగే ఉంచాలి' అని ఒకటి. 'నష్టం, పూడ్చాలి' అని ఇంకొకటి. నిన్నగాక మొన్న ఉద్యోగంలో చేరిన పిల్లయినా మొదటి గడిలో టిక్కు పెడుతుంది. నేను రెండో గడిలో పెట్టాను.

తెలియక పెట్టలేదు. ఆయన పోయాక నా బల్ల మీదికొచ్చిన మొదటి పెద్ద పని అది. ఆ నున్నటి గుంటని చూడగానే ఆస్పత్రి వరండాలో అత్తయ్య అన్న మాట గుర్తొచ్చింది: "పెద్దాయనకి చెప్పుకునే వచ్చాను, ఏమీ కాదులే." ఏమీ కాదట. నాలుగు గంటల తర్వాత డాక్టరు బయటికొచ్చి మా ఇద్దరివైపు చూడకుండా గోడ గడియారం వైపు చూశాడు.

ఎంతమంది చెప్పుకుంటే ఇంత గుంట పడిందో కదా. ఎంతమందికి ఏమీ చెయ్యకుండా ఊరికే నిలబడ్డాడో కదా ఈ మహానుభావుడు. తుడిచిపారేస్తాను నీ గొప్ప, అనుకున్నాను. అనుకుని, అక్షరాలా టిక్కు పెట్టి, ఏడు నెలలు ఒక్కో వేలూ శ్రద్ధగా చేశాను. పగ తీర్చుకోవడానికి నాకు గవర్నమెంటు జీతం ఇచ్చింది, భూతద్దం ఇచ్చింది, మెచ్చుకోళ్ళు కూడా ఇచ్చింది.

నా తప్పు ఇది. పొరపాటు కాదు.

మార్చి 14

ఒక్క చెయ్యి ఎంత చెక్కని తీసుకుపోతుంది? కొలవడానికి పరికరం లేదు. పెద్దాయనది ఉలికే లొంగని గట్టి చెక్క. అయినా పదకొండు మిల్లీమీటర్లు పోయిందంటే ఎంతమందో, ఎన్నేళ్ళో. బొమ్మ చెక్కినవాడు ఒక్కడే. గుంట చెక్కినవాళ్ళు లక్షలు. వాళ్ళు మీటింగు పెట్టుకోలేదు, కొలతలు ఇచ్చిపుచ్చుకోలేదు. ఒకడు అడగడానికి వచ్చుంటాడు, ఒకామె తిట్టడానికి వచ్చుంటుంది. ఒకడు ఏదీ నమ్మకుండానే తల్లి పక్కన నిలబడి వేలు పెట్టి ఉంటాడు. చెక్కకి తేడా తెలియదు. అందరి దగ్గరా కొంచెం కొంచెం అరిగింది.

మ్యూజియం మొత్తంలో ఇంతమంది కలిసి చేసిన వస్తువు ఇంకోటి లేదు. దాన్ని పూడ్చి గోరు పెట్టాను నేను.

నమ్మకం లేదు, ఇప్పటికీ లేదు. కానీ అది నమ్మినవాళ్ళ సొత్తని వదిలేయడానికి కూడా నేను ఒప్పుకోను.

మార్చి 16

డైరెక్టరు గదికి వెళ్ళాను. పాత మందిరం కమిటీ ప్రెసిడెంటు కూడా అక్కడే కూర్చుని ఉన్నాడు, ప్రారంభోత్సవంలో తన కుర్చీ ఎక్కడో చూసుకోవడానికి వచ్చాడట. మంచిదే, ఇద్దరికీ ఒకేసారి చెప్పొచ్చు అనుకున్నాను.

"సార్, కుడి పాదం మీద నేను చేసిన పని తీసేయాలి. రిపోర్టులో తప్పు రాశాను. అది నష్టం కాదు, అరుగుదల."

డైరెక్టరు నవ్వాడు. నేను నవ్వలేదని చూసి ఆపేశాడు.

"బ్రోచరు అచ్చుకెళ్ళింది మేడమ్. కవరు మీద మీ వేళ్ళే."

"మళ్ళీ అచ్చు వేయించండి."

"ఆరు నెలల్లో రిటైరవుతున్నారు. ఇప్పుడీ తలనొప్పి మీకెందుకు, నాకెందుకు?"

ప్రెసిడెంటు గొంతు సవరించుకున్నాడు. "అదేంటమ్మా, బాగైన పాదం చూడాలని మా కళ్ళు కాయలు కాశాయి. పాడైపోయిన కాలుతో ఆయన్ని చూడలేకపోయేవాళ్ళం."

"పాడైపోలేదండీ. మీవాళ్ళు ముట్టుకుంటే అరిగింది."

"మావాళ్ళు కాదమ్మా. తెలియని జనం. ఎక్కడ దండం పెట్టాలో, ఎక్కడ చెయ్యి పెట్టకూడదో తెలియనివాళ్ళు. గాజు పెట్టె పెడుతున్నారంటే అందరికంటే సంతోషించింది నేనే."

ఒకాయనకి దేవుడు కొత్తగా కావాలి. ఇంకొకాయనకి చెక్క కొత్తగా కావాలి. మధ్యలో జనం ఇద్దరికీ అడ్డమే. ఇలాంటివాళ్ళిద్దరి మధ్య ఇన్నాళ్ళూ నేను డైరెక్టరు పక్షమనుకున్నాను.

"మేడమ్, అడుగుతున్నానని ఏమీ అనుకోకండి" అన్నాడు డైరెక్టరు. "మీకు ఇలాంటివి పట్టవు కదా? మీ ఇంట్లో దీపం కూడా పెట్టరని విన్నాను. మరి ఎవరో ముట్టుకున్న గుంట మీద మీకింత పట్టుదలేంటి?"

"నాకు కుండలు చెయ్యడం రాదు సార్. మూడు వేల ఏళ్ళ నాటి కుండ బాగుచెయ్యలేదా? దాని అడుగున గరిటె గీతలుంటే పాలిష్ పట్టానా?"

"దానికీ దీనికీ పోలికేంటి?"

"రెండింట్లోనూ జనం ఉన్నారు."

ఆయన కుర్చీలోంచి లేచాడు, ఇక వెళ్ళమని అర్థం. "21వ తారీఖున బొమ్మని నాలుగో గదికి అప్పజెప్పండి. ఇప్పుడున్నది ఉన్నట్టు. దాని మీద ఇంకో చెయ్యి పడ్డానికి వీల్లేదు."

గోడకి చెప్పుకున్నా ఇంతకంటే మర్యాదగా వినేది.

మార్చి 18

అత్తయ్య పెద్దాయన ఊసెత్తడం లేదు. ఇవాళ పొద్దున గొణుగుడు కూడా లేదు. గిన్నెలు చప్పుడు చెయ్యబోయి ఆగిపోయాను. ఇల్లంతా ఎవరో ఖాళీ చేసి పోయినట్టుంది.

మార్చి 20

తీసేశాను.

రాత్రి దొంగతనంగా కాదు. పట్టపగలు, భోజనాల వేళ, అన్ని లైట్లూ వేసుకుని. మేస్త్రీ నేను చెప్పకుండానే తలుపు దగ్గర స్టూలు వేసుకుని అన్నం డబ్బా విప్పాడు. ఒకసారి డైరెక్టరు ప్యూను వచ్చి మేడమ్ ఏరని అడిగితే "పనిలో ఉన్నారు" అన్నాడు. అందులో అబద్ధం లేదు.

మా పనికి మొదటి సూత్రం ఒకటుంది. మనం చేసింది రేపు ఇంకొకరు తీసేయగలిగేలా చెయ్యాలి. కోపంలో కూడా ఆ సూత్రం నా చేతులు మర్చిపోలేదు. కొత్త వేళ్ళకీ పాత చెక్కకీ మధ్య పల్చగా జిగురు పూత వేసి ఉంచాను. గోరువెచ్చటి నీళ్ళలో ముంచిన దూది అంచుల వెంట పెట్టుకుంటూ పోతే నలభై నిమిషాలకి కదిలింది. మూడు వేళ్ళూ ఒక్క ముక్కగా ఊడొచ్చాయి. బాగా చేశాను వాటిని, అది మాత్రం ఒప్పుకోవాలి. కింద గుంట చెక్కుచెదరలేదు. మెత్తటి గుడ్డతో తుడిస్తే పాత మెరుపు అలాగే ఉంది.

తర్వాత రిపోర్టు రాశాను. చేసినది: పూడిక తొలగింపు. చేసినవారు: నేను. అనుమతి: లేదు. కారణం: మొదటి రిపోర్టులో నేను కావాలని తప్పు గడి నింపాను. సంతకం పెట్టి, ఎవరిచేతా పంపకుండా నేనే పైకి తీసుకెళ్ళి డైరెక్టరు బల్ల మీద పెట్టి వచ్చాను. ఆయన చదివాక అరిచిన అరుపు కింద నా గది దాకా వినిపించింది.



మార్చి 21

మెమో వచ్చింది. బొమ్మని నాలుగో గదిలో పెట్టేశారు. ఇక నేను దాని దగ్గరికి వెళ్ళకూడదట. మూడు ప్రశ్నలకి 26 లోపు రాతపూర్వకంగా జవాబివ్వాలి.

ఒకటి, అనుమతి లేకుండా ప్రభుత్వ ఆస్తిని మార్చారా?

రెండు, ఎందుకు?

మూడు, సదరు విగ్రహం పట్ల మీకు మతపరమైన విశ్వాసం ఉన్నదా?

క్షమాపణ రాసి, ఆ వేళ్ళు మళ్ళీ అతికిస్తే ఇక్కడితో ఆపేస్తామని డైరెక్టరు మనిషి చేత కబురు పెట్టాడు. లేకపోతే సస్పెన్షను, ఎంక్వైరీ. ముప్ఫై ఏళ్ళు పనిచేసిన చోటు నుంచి దొంగలా బయటికి నడవాలి.

మార్చి 22

నాకేం భయం లేదు.

మార్చి 23

భయంగా ఉంది. ఆ వర్క్‌షాపు తప్ప నాకు వెళ్ళడానికి చోటు లేదు. ఆయన పోయిన మూడో రోజే పనికి వెళ్ళాను. అందరూ రాతి గుండె అనుకున్నారు. ఇంట్లో ఏ గదిలో నిలబడాలో తెలియక వెళ్ళాను. పగిలినవీ విరిగినవీ బల్ల మీద వరసగా ఉంటే, వాటిలో ఒకటి చేతిలోకి తీసుకుంటే, సాయంత్రం దాకా ఊపిరి ఆడేది.

వేళ్ళు డ్రాయర్లోనే ఉన్నాయి. అతికించడానికి గంట చాలు. అతికించను. అతికించనని ఇక్కడ రాసి పెట్టుకుంటున్నాను, రేపు పొద్దున మనసు మారితే చదువుకోవడానికి.

మార్చి 24

అత్తయ్యకి మెమో చదివి వినిపించాను. ఎలాగూ తెలుస్తుంది, నా నోటి నుంచే తెలియనీ అని. వేళ్ళు తీసేశానన్నప్పుడు తల ఊపింది, అంతే. మూడో ప్రశ్న దగ్గర మాత్రం "మళ్ళీ చదువు" అంది. చదివాను.

"ఆ ప్రశ్న నన్నడిగితే ఏం చెప్తానో తెలుసా?"

"మీకేంటి, ఉందని చెప్తారు."

"లేదని చెప్తాను."

వేళాకోళమనుకున్నాను. ఆవిడ మొహంలో నవ్వు లేదు.

"వాడు పోయిన రోజే పోయింది. నీకంటే ఎక్కువ తిట్టాను ఆయన్ని. నువ్వు లేడనుకున్న మనిషిని తిడతావా? నేను ఉన్నాడనుకుని తిట్టాను, తర్వాత అదీ మానేశాను."

"మరి పొద్దున్నే ఆ గొణుగుడేంటి?"

"మా అమ్మ చెప్పిన మాటలవి. మానేస్తే ఆవిడ గొంతు మర్చిపోతాను."

"మరి పాదం? తీసుకెళ్ళమని ఎందుకడిగారు?"

దుప్పటి అంచు మడత పెట్టుకుంటూ కూర్చుంది.

"ఎక్కడో ఒక చోట చెయ్యి పెట్టాలి కదే మనిషన్నాక. ఆ గుంటలో వేలు పెడితే, నాకంటే ముందు ఎంతమంది భయపడ్డారో తెలిసేది. కొడుకు పోయినవాళ్ళు ఎంతమంది వచ్చారో తెలిసేది. నాకొక్కదానికే జరగలేదని తెలిసేది. దానికి ఆయన ఉండాల్సిన పనేముంది, వాళ్ళుంటే చాలదూ?"

రెండేళ్ళుగా ఈ ఇంట్లో నమ్మకం లేనిదాన్ని నేనొక్కదాన్నేనని విర్రవీగాను. ఆవిడ మీద ఉన్న కోపమంతా చెక్క మీద తీర్చుకున్నాను. పక్క గదిలో ఆవిడ కూడా ఎవరూ లేకుండానే పడుకుందని నాకు తెలియదు. లైటు తీయకుండా అలాగే ఆవిడ పక్కన కూర్చుని ఏడ్చాను, ఆయన పోయినప్పుడు ఏడవాల్సిన ఏడుపు. ఆవిడ నా తల మీద చెయ్యి వేసి, "జడ సరిగ్గా వేసుకోవడం కూడా మానేశావు" అని తిట్టింది.

ఒక్కటే అడిగాను. "ఆయన నిజంగా వేలు పెట్టాడా?"

"పెట్టాడు. ఎందుకని నేను అడగలేదు. నువ్వూ అడగకు."

మార్చి 25

జవాబు రాశాను. నాలుగు పేజీలు రాసి చించేశాను. చివరికి మిగిలింది ఇది.

ఒకటి: అవును.

రెండు: మొదట మార్చింది ఆగస్టులో. మొన్న చేసింది దిద్దుబాటు. ఆగస్టులో చేసినదానికి ఏ శిక్ష వేసినా తీసుకుంటాను. మొన్న చేసినదానికి క్షమాపణ చెప్పను.

మూడు: లేదు. నాకు ఉన్నా లేకపోయినా గుంట లోతు పదకొండు మిల్లీమీటర్లే.

మార్చి 26

పదకొండింటికి డైరెక్టరు గదిలో ఇచ్చాను. చదివాడు. తిరగేసి వెనక వైపు కూడా చూశాడు.

"క్షమాపణ ఎక్కడ మేడమ్?"

"లేదు సార్."

"ఇది మీ చివరి మాటా?"

"రాతపూర్వకంగా అడిగారు, రాతపూర్వకంగా ఇచ్చాను. మీరు కూడా ఏమున్నా కాగితం మీదే ఇవ్వండి."

"ఇప్పుడే టైపు చేయిస్తాను. కింద ఉండండి" అన్నాడు పళ్ళు కొరుకుతూ.

కింద అత్తయ్య నాలుగో గది బయట బెంచీ మీద కూర్చుని ఉంది, నాతో పాటే వచ్చింది. చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకెళ్ళాను. గాజు పెట్టె రేపు వస్తుంది. ఇవాళ్టికి తాడు ఒక్కటే. ఒక పక్క కొక్కెం తీసి తాడు చుట్టేశాను. కాపలా మనిషి గాభరాగా వచ్చాడు. "మేడమ్, తాడు?" "పాడైంది, బాగుచెయ్యాలి" అన్నాను. ఆయన నా మొహాన్నీ, తాడునీ, అత్తయ్యనీ చూశాడు. చూసి, కిటికీ దగ్గరికెళ్ళి బయట ఎవరో పిలిచినట్టు నిలబడ్డాడు.

అత్తయ్య బొటనవేలు ఈసారి తడుముకోలేదు. గుంటలోకి వెళ్ళి కూర్చుంది. గొణగలేదు. కాసేపుండి తీసేసి, "ఆఁ, ఇదే" అంది.

గదిలో అటూ ఇటూ చూస్తున్నట్టు నటిస్తున్నవాళ్ళు ఒక్కొక్కరే దగ్గరికొచ్చారు. ఆస్పత్రి ఫైలు చంకలో పెట్టుకున్న ఒకమ్మాయి. సిమెంటు బస్తాలు మోసే మనిషి, చేతులు ప్యాంటుకి తుడుచుకుని మరీ. కాలేజీ పిల్లలు ముగ్గురు, ముందు నవ్వుకుంటూ, తర్వాత నవ్వకుండా. ఎవరు వరస కట్టమన్నారో తెలియదు, వరస కట్టారు. తలుపు దాటి మెట్ల దాకా వెళ్ళింది. వర్క్‌షాపులోంచి మేస్త్రీ కూడా వచ్చి చివర్న నిలబడ్డాడు. సస్పెన్షను కాగితం టైపు అయ్యేలోపు పాతికమంది దాకా ముట్టుకుని ఉంటారు.

డైరెక్టరు కాగితం పట్టుకుని దిగి వచ్చి నా కోసం బల్ల దగ్గర చూశాడు, గుమ్మం దగ్గర చూశాడు. చివరికి వరసలో మేస్త్రీ వెనక కనబడ్డాను.

"ఇది తీసుకుని సంతకం పెట్టండి" అన్నాడు.

కొంచెం ఆగమన్నాను. నా ముందు ఇంకా నలుగురున్నారు.